గులాబీ రంగు కాగితం

1వ తేదీ, సోమవారం

లోపల చూసింది ఎవరికీ చెప్పనని ప్రెస్సులో సంతకం పెట్టించుకున్నారు. నోటితో గాని, సైగతో గాని, ఉత్తరంతో గాని చెప్పకూడదని ఉంది. నోటుపుస్తకం సంగతి లేదు. అందుకని ఇందులో రాస్తున్నాను.

రిటైరై ఆరేళ్ళయింది, మళ్ళీ పిలిచారు. ఎన్నికల కోసం బ్యాలెట్ కాగితాల మీద నంబర్లు వెయ్యాలి. ఆ నంబరింగ్ మిషను నడపడం వచ్చినవాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన పోయాడు.

ఇవాళే అమ్మాయి రాజీనామా ఇచ్చింది. పదహారేళ్ళు లెక్కల టీచరు. సర్కారు ఉద్యోగంలో ఉంటే ఎన్నికల్లో నిలబడనివ్వరట. అందుకని ఉద్యోగం మానేసి నిలబడుతుందట. నన్ను అడగలేదు, చెప్పింది. "ఇరవయ్యో తేదీ సాయంత్రం అయిదింటి దాకా వెనక్కి తీసుకోవచ్చు నాన్నా, కంగారు పడకు" అంది. నేను కంగారు పడలేదు. సరే అన్నాను. నా వంతు కూడా వాళ్ళమ్మే అరిచింది.

2వ తేదీ, మంగళవారం

మిషను తుడిచాను. నూనె వేశాను.

గేటు దగ్గర లోపలికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు రెండుసార్లు జేబులు తడుముతున్నారు. సూపరింటెండెంటు కొత్తవాడు, వేరే ఆఫీసు నుంచి వచ్చాడు. కుర్రవాడు కాదు గాని జుట్టు నల్లగా ఉంది. మిషను ముందు నిలబడి, "ఇది కరెంటు మీద నడుస్తుందా పెద్దాయనా?" అని అడిగాడు. కాలితో తొక్కాలని చూపించాను.

కటింగ్ మిషను దగ్గర పాతవాడే ఉన్నాడు. అందరూ వాడిని కత్తెర అంటారు. కాగితంతో పాటు మనుషుల్ని కూడా కోస్తాడు, నోటితో. "వచ్చావా అన్నా! నువ్వు పోయావనుకుని మొన్న రెండు నిమిషాలు మౌనం కూడా పాటించాం" అన్నాడు. నేనంటే వాడికి ఇష్టం.

4వ తేదీ, గురువారం

పని లేదు. ఎన్నికల తేదీ రాలేదు. తేదీ వస్తేనే అభ్యర్థులు, అభ్యర్థులు వస్తేనే పేర్లు, పేర్లు వస్తేనే అచ్చు, అచ్చు పడితేనే నంబర్లు. నేను చివరివాడిని. స్టూలు మీద కూర్చుని వచ్చాను.

రేడియోలో మంత్రి మాట్లాడాడు. తగిన సమయంలో ప్రకటిస్తారట. ఇప్పుడున్న శాసనసభ గడువు వచ్చే నెల పదో తేదీతో అయిపోతుంది. ఇంకా తగిన సమయం ఏమిటి?

5వ తేదీ, శుక్రవారం

పని లేదు.

6వ తేదీ, శనివారం

పక్కింటి రిటైర్డ్ కండక్టరు గోడ మీదుగా పట్టుకున్నాడు. ఆయన నన్ను ప్రెస్సుగారూ అంటాడు.

"ప్రెస్సుగారూ, లోపల ఏం జరుగుతోంది?"

"నూనె వేశాను."

"ఎవరికి?"

"మిషనుకి."

"మీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. చూడండి, టెలిఫోను ఆఫీసు ముందు ఇసక బస్తాలు వేశారు. చౌరస్తాలో మిలటరీ జీపు. పొద్దుట చూశాను, సాయంత్రం చూశాను, కదల్లేదు. బ్యాటరీ పోయిందంటున్నారు. మిలటరీ వాళ్ళకి బ్యాటరీ దొరకదా? ఎన్నికలూ లేవు, గిన్నికలూ లేవు. రాసిపెట్టుకోండి."

రాసిపెట్టుకున్నాను.

ఆయన చెప్పింది ఏదీ ఎప్పుడూ జరగలేదు. ఆయన బస్సు ఏనాడూ టైముకి రాలేదు.

9వ తేదీ, మంగళవారం

ఇవాళ స్ట్రాంగ్ రూం తెరిచారు. తేదీ వచ్చిందనుకున్నాను. బ్యాలెట్ కాగితం అందులోనే ఉంటుంది. గులాబీ రంగు, మందం, వెలుగులో పెడితే లోపల గీతలు కనిపిస్తాయి. మన దగ్గర తయారవదు, ఓడలో వస్తుంది. కిందటిసారి అయిదు నెలలు పట్టింది. ఆ కాగితాన్ని వేరే దేనికీ ముట్టుకోకూడదు. నా సర్వీసులో ఒక ఆఫీసరు కూతురి పెళ్ళి కార్డులకు పది షీట్లు అడిగితే స్టోర్ కీపరు ఇవ్వలేదు. ఆ స్టోర్ కీపరుని బదిలీ చేశారు గాని కాగితం మాత్రం కదల్లేదు.

ఇవాళ నలభై రీములు బయటికి వచ్చాయి. కత్తెర దగ్గరికి పోయాయి. వాడు నాలుగు ముక్కలుగా కోశాడు. అరచేతిలో పట్టే సైజు.

నేను లేచి వెళ్ళాను. "ఇది బ్యాలెట్ కాగితం" అన్నాను.

"తెలుసన్నా. మూడుసార్లు అడిగాను. రాసిచ్చాడు చూడు" అని చీటీ చూపించాడు. సూపరింటెండెంటు సంతకం ఉంది. "ఇంత ముక్క మీద ఇద్దరి పేర్లు కూడా పట్టవు. మిగతా అభ్యర్థులు బయట నిలబడతారేమో" అన్నాడు. తనే నవ్వాడు. తరవాత నవ్వలేదు.

10వ తేదీ, బుధవారం

ముక్కలు అచ్చయి నా దగ్గరికి వచ్చాయి.

రాకపోకల అనుమతి పత్రం. ఈ పత్రం కలిగినవారు ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు వీధిలో తిరగవచ్చును. పేరు ఖాళీ. గంటలు ఖాళీ. తేదీ ఖాళీ. ఎనభై వేలు. మొదటి విడత అన్నారు.

నంబర్లు వేశాను. వేసినంతవరకు ఒక్కటీ వంకర పోలేదు.

11వ తేదీ, గురువారం

ఇంకో నలభై రీములు.

స్ట్రాంగ్ రూంలో మొత్తం మూడు వందల అరవై ఉండేవి. రెండు వందల ఎనభై ఉన్నాయి. కొన్ని చోట్ల ఓట్లు వెయ్యడానికి అది చాలు. మిగతా కాగితం తెప్పిస్తారు. దుకాణాల్లో కూడా మందం కాగితం ఉంటుంది. ముందుజాగ్రత్త కోసం పాసులు కొట్టించి ఉంటారు, వాడకపోవచ్చు. అగ్గిపెట్టె కొన్నవాళ్ళంతా ఇల్లు తగలబెట్టరు కదా.

అమ్మాయి స్కూలు నుంచి వస్తూ రోజూ మా ఇంట్లో ఆగేది. ఇప్పుడు మీటింగుల నుంచి వస్తూ ఆగుతోంది. వాళ్ళిల్లు పక్క వీధిలోనే. గొంతు బొంగురు పోయింది. "ఏంటి నాన్నా, అలా చూస్తున్నావ్?" అంది. ఏమీ లేదన్నాను.

13వ తేదీ, శనివారం

రెండు వందలు ఉన్నాయి.

14వ తేదీ, ఆదివారం

చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో పదిమంది. అల్లుడు బెంచీ ఎక్కి గుడ్డ బ్యానరు కొలుస్తున్నాడు. అమ్మాయి నల్లబల్ల తెచ్చి గోడకు ఆనించి, మా పేటలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఓట్లు, రోజుకి ఎన్ని గడపలు తొక్కాలి, అంతా సుద్దముక్కతో రాసింది. క్లాసులో లాగే ఒకామెను లేపి, "చెప్పమ్మా, రోజుకి డెబ్భై అయితే ఎన్నాళ్ళు?" అంటోంది. ఆమె వేళ్ళు లెక్కపెడుతోంది. అందరూ నవ్వుతున్నారు.

"రండి మామయ్యా, మీరైనా చెప్పండి, ఈ గుడ్డ చాలుతుందా?" అన్నాడు అల్లుడు.

చాలుతుందన్నాను. నీళ్ళు తాగి వచ్చేశాను.

15వ తేదీ, సోమవారం

ఇంట్లో ఆవిడ: "ఏమండీ, మీకు ఒంట్లో బాగుందా? రెండు రోజులుగా అసలు మాట్లాడటం లేదు."

అంతకు ముందు మాత్రం ఏం మాట్లాడాను?

నూట అరవై.

16వ తేదీ, మంగళవారం

చెబితే నాకు శిక్ష. అది పెద్ద విషయం కాదు. చెబితే అమ్మాయి భయపడుతుంది. భయపడితే ఉద్యోగం వెనక్కి తీసుకుంటుంది. అది మంచిదే. మరి ఎందుకు చెప్పడం లేదో నాకే తెలియడం లేదు. సంతకం పెట్టాను కాబట్టి అనుకుంటాను. నలభై ఏళ్ళలో ఒక్క షీటు బయటికి తీసుకుపోలేదు, ఒక్క మాట పోలేదు. ఎందుకు పోనివ్వలేదంటే ఎవరూ అడగలేదు.

17వ తేదీ, బుధవారం

ఇవాళ కూడా చెప్పలేదు.

18వ తేదీ, గురువారం

నలభై. రేపటితో ఖాళీ. కత్తెర ఇవాళ ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

19వ తేదీ, శుక్రవారం

చెప్పాను.

పనికి పోతూ పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. పంపు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. "ఏంటి నాన్నా, కాలు నొప్పి పెరిగిందా?" అంది. స్ట్రాంగ్ రూం ఖాళీ అవుతోందని చెప్పాను. దేనికి కోశారో చెప్పాను. నాలుగు మాటలు. అంతకంటే లేవు కూడా.

పంపు కట్టేసింది. లెక్కల టీచరు కదా, కళ్ళు చిన్నవి చేసి అడిగింది.

"మొత్తం ఎన్ని రీములు?"

"మూడు వందల అరవై."

"ఇవాళ సాయంత్రానికి?"

"సున్నా."

"కొత్తది రావాలంటే?"

"అయిదు నెలలు."

"గడువు వచ్చే నెల పది." బిందె పక్కకు జరిపింది. "అయితే ఎన్నికలు లేవు. తేదీ ఇవాళ చెబుతాం, రేపు చెబుతాం అని రేడియోలో... ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"తొమ్మిదో తేదీ."

"పది రోజులా! పది రోజుల నుంచి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నావా? నేను ఊరంతా తిరుగుతున్నా. ఓటెయ్యండి, ఓటెయ్యండి అని ముసలాళ్ళ చేతులు పట్టుకుంటున్నా. ఏ కాగితం మీద వేస్తారు నాన్నా?"

పంపు దగ్గరికి వస్తున్న ఇద్దరు ఆగి చూశారు. నాకు ఏం చెయ్యాలో తోచక బిందె ఎత్తాను. లాక్కుంది.

"రేపు అయిదింటి దాకా ఉంది కదా" అన్నాను.

"అందుకా చెప్పావు? ఉద్యోగం వెనక్కి తీసుకోమనా?"

అవునన్నాను.

"వాళ్ళు వాయిదా వెయ్యకముందే నన్ను నేనే వాయిదా వేసుకోనా?"

నాకు కోపం వచ్చింది. తనమీద వచ్చిందో, ఎవరిమీద వచ్చిందో తెలియదు. "పదహారేళ్ళ సర్వీసు" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. మళ్ళీ ఆ ఇద్దరూ చూశారు.

అప్పుడు గొంతు తగ్గించి, "ఆదివారం మీటింగులో ఇది చెప్పనా? నీ పేరు రాదు" అంది.

చెప్పమనలేదు. వద్దనలేదు. ప్రెస్సు గేటు మూసేస్తారని వచ్చేశాను.

20వ తేదీ, శనివారం

నాలుగింటికి పని వదిలారు. వాళ్ళింటికి వెళ్ళాను. ఇస్త్రీ చేసుకుంటోంది. రాజీనామా వాపసు కాగితం రాసి బల్ల మీద పెట్టుకుందేమోనని చూశాను. బల్ల మీద ఇస్త్రీ చేసిన చీరలు ఉన్నాయి.

నాలుగున్నర. నడిచి వెళితే విద్యాశాఖ ఆఫీసుకి పావుగంట.

"కూర్చో నాన్నా."

కూర్చున్నాను. అయిదు అయ్యాక ఇంకో చీర తీసింది. "నీ చొక్కా కూడా ఇవ్వు, చేస్తాను. ఎలా నలిపేశావో చూడు" అంది. విప్పి ఇచ్చాను. బనియనుతో కూర్చున్నాను.

21వ తేదీ, ఆదివారం

మార్కెట్ వెనక మీటింగు. చివర నిలబడ్డాను. కండక్టరు నా పక్కనే.

అమ్మాయి మైకులో చెప్పింది: "అయ్యలారా, అమ్మలారా, తేదీ ఎప్పుడని మంత్రిగారిని అడగొద్దు. బ్యాలెట్ కాగితం ఎక్కడుందో చూపించమనండి. ఒక్క కాగితం చూపించమనండి చాలు. ఎందుకంటే దాన్ని ముక్కలు చేసి మన వీధుల్లో మనమే తిరగడానికి పాసులు కొట్టారు."

జనం ఒకళ్ళతో ఒకళ్ళు గొణుక్కున్నారు. ఆ గొణుగుడు వెనక్కి వచ్చింది, నా దాకా వచ్చింది. కండక్టరు నా మోచెయ్యి పట్టుకుని, "ప్రెస్సుగారూ, నిజమేనా?" అన్నాడు. ఎప్పుడూ లేనిది ఆయన గొంతు తగ్గించాడు. నేను చెయ్యి విడిపించుకున్నాను.

22వ తేదీ, సోమవారం

రేడియోలో: అవి వదంతులు. బ్యాలెట్ కాగితాలు లక్షల్లో అచ్చయి భద్రంగా ఉన్నాయి. వదంతులు పుట్టించినవారిపై చర్య తీసుకుంటారు.

లక్షల్లో అట. నేనిక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నంబర్లు వేసింది ఎవరు మరి?

23వ తేదీ, మంగళవారం

పోలీసులు వచ్చి కత్తెరను తీసుకుపోయారు.

సూపరింటెండెంటు మమ్మల్ని అందరినీ వరసలో నిలబెట్టాడు. బయటికి ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ పలకలేదు. ఆయన కత్తెర ముందు ఆగాడు. "నోరు ఊరుకోదు కదా నీది" అన్నాడు. అంతే, అదే సాక్ష్యం. నా ముందు ఆగనే లేదు. మీటింగులో మాట్లాడింది నా కూతురని ఆయనకు తెలియదు. ఆమె ఇంటిపేరు అల్లుడిది, ఈయన కొత్తవాడు.

కత్తెరకు తెలుసు. అమ్మాయి పెళ్ళికి భార్యాబిడ్డలతో వచ్చి మూడు రోజులు ఉన్నాడు.

వాడు నావైపు చూడను కూడా చూడలేదు. పోతూ పోతూ, "అన్నా, బ్లేడు పైకెత్తి ఉంది, ఎవరూ చెయ్యి పెట్టకుండా చూడు" అన్నాడు. జాగ్రత్త చెబుతున్నట్టే అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఇది రాయడానికి చేతులు వచ్చాయి, అక్కడ నోరు రాలేదు.

24వ తేదీ, బుధవారం

కత్తెర భార్య వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు పెద్దవాళ్ళు, అక్కడ నలభై ఏళ్ళు చేశారు. ఆయన చెప్పలేదని ఒక్క మాట ఆఫీసరుగారితో అనండి. ఆయన జోకులు వేస్తాడే గాని..." అని ఆగింది. ఇంట్లో ఆవిడ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది. నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపల పెట్టాను.

అనండి అంది. అనడమే నాకు రాదు. పుట్టినప్పటి నుంచి రాదు. అందరూ మంచివాడు, నోట్లో నాలుక లేదు అంటారు. ఇవాళ ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

పోలీసులు అమ్మాయిని కూడా అడిగారు, ఎవరు చెప్పారని. "కాగితం చూపించండి, అప్పుడు చెబుతా" అందట.

25వ తేదీ, గురువారం

స్ట్రాంగ్ రూం అడుగున చిరిగిన రీము ఒకటి దొరికిందట. సూపరింటెండెంటు దాన్ని స్వయంగా మోసుకొచ్చాడు. అయిదు వందల బ్యాలెట్లు అచ్చు కొట్టించాడు. గళ్ళున్నాయి, పేర్లు లేవు. రేపు మంత్రి విలేకరులను పిలుస్తున్నాడు, చూపించడానికి.

"పెద్దాయనా, నాలుగు లక్షల ఎనభై వేల ఒకటి నుంచి నంబర్లు వెయ్యాలి."

ఎందుకని అడగలేదు. అర్థమైంది. ఆ నంబరు చూసినవాళ్ళు అంతకు ముందు నాలుగు లక్షల ఎనభై వేలు ఎక్కడో ఉన్నాయనుకోవాలి.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, మొదటి షీటు మీద నంబరు వేసి ఆఫీసరుకి చూపించాలి. ఆయన సరేనని సంతకం పెట్టి, ఆ షీటు ఫైలులో పెట్టుకుంటాడు. మిగతావి ఎవరూ చూడరు. నలభై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

480001 వేసి చూపించాను. సంతకం పెట్టాడు. ఫోను మోగింది, లోపలికి వెళ్ళాడు.

మిషనుకి ఆరు చక్రాలు. పిన్నుతో ఒక్కొక్కటే వెనక్కి తిప్పాలి. నాలుగుని సున్నాకి తిప్పాను. ఎనిమిదిని తిప్పాను. చివరి చక్రాన్ని రెండు నుంచి ఒకటికి తెచ్చాను. సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా, ఒకటి. తొక్కడం మొదలుపెట్టాను.

యాభైకి ఒక కట్ట కట్టాను. కట్టు కాగితం నంబరు మీదుగా వస్తుంది. కట్టు మీద, ఆయన చెప్పినట్టే, 480001 నుంచి అని చేత్తో రాశాను. నా చేతిరాత బాగుంటుందని ఆయన మెచ్చుకున్నాడు. లెక్క చూసుకుని సీలు వేశాడు.

గేటు దగ్గర రెండుసార్లు తడిమారు. జేబులో ఏమీ లేదు.

26వ తేదీ, శుక్రవారం

మధ్యాహ్నం టీవీలో చూపించారు. మంత్రి నవ్వుతూ కట్ట తీశాడు, కెమెరా ముందు కట్టు చించాడు, పేకముక్కల్లా విప్పి పట్టుకున్నాడు. కెమెరా దగ్గరికి పోయింది. ఆయన బొటనవేలి పక్కన 000001. దాని పక్కన 000002. ఏడు దాకా కనిపించాయి. విలేకరి ఎవరో అడిగారు, "అయ్యా, లక్షలన్నారు, ఇది ఒకటో నంబరు కదా?" మంత్రి కాగితం వైపు చూశాడు. ఆ చూపు రెండుసార్లు చూపించారు. తరవాత పాటలు వేశారు.

గోడ అవతల కండక్టరు అరుపు వినిపించింది: "ఒకటట! ఒకటో నంబరట!"

అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా" అంది. వాళ్ళమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏం చేశారండీ మీరు?" అంది.

"నంబర్లు వేశాను."

ఎన్నికలు జరుగుతాయో లేదో తెలియదు. తేదీ ఇప్పటికీ రాలేదు. చౌరస్తాలో ఒక జీపు ఉండేది, ఇప్పుడు మూడున్నాయి. పాసుల మీద గంటలు ఎప్పుడైనా నింపుకోవచ్చు. కోసిన కాగితం అతకదు.

కాని కత్తెర లోపల ఉన్నాడు. ఈ నంబర్లు కూడా వాడి మీద పెట్టలేరు, వాడు అప్పటికే వాళ్ళ దగ్గరున్నాడు. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టి నా దగ్గరికి వచ్చేదాకా కూర్చోవచ్చు. లేదా వెళ్ళవచ్చు. పోలీస్ స్టేషను మార్కెట్ దాటాక ఎడమ చేతి వైపు. బయటికి చెప్పింది నేను, వాడు కాదు అని చెప్పాలి. అయిదు మాటలు. దారిలో అనుకుంటూ వెళతాను, అక్కడికి పోయాక రాకపోతే కష్టం.

అమ్మాయి తోడు వస్తానంది. వద్దన్నాను. చెప్పులు వేసుకుంటోంది.